4487 పరిపూర్ణ వర్గం కాదు

జూలై 3, గురువారం

1026 దగ్గర మోసపోయినాను. ఒకట్ల స్థానంలో 6 — సరే. అంకెలన్నీ కూడితే 9 — సరే. వర్గమే అని చెయ్యెత్తేసినాను, క్లాసులో అందరికంటే ముందు. లెక్కల సార్ నవ్వినాడు. "ఆ గుర్తులు కాదని చెప్పడానికే భాగ్యా. ఔనని చెప్పడానికి కాదు." బోర్డు మీద భాగహార పద్ధతిలో చేసి చూపించినాడు. 32 వచ్చి, కింద 2 మిగిలింది.

సిగ్గేసింది. కానీ ఆ వాక్యం బాగుంది. కాదని తెలుసుకోవడానికి చివరి అంకె చాలు. ఔనని తెలుసుకోవాలంటే కడదాకా చేసి చూడాల.

లైబ్రరీ నిఘంటువులో వెతికినాను. కొత్త మాట: అవశేషం. మిగిలిపోయినది. ఆ 2 ఉంది చూడు, అదే.

జూలై 4, శుక్రవారం

కృష్ణగిరిలో శనివారం క్లాసులు పెడుతున్నారంట. మంచి లెక్కల పిల్లలకు. బడికి ఒక్కరే. ఇరవై ఐదు ప్రశ్నలతో సార్ పరీక్ష పెడతాడు, అన్నీ వర్గాలూ వర్గమూలాలే. మొదట వచ్చినవాళ్ళకు సీటు. ఇద్దరికి సమానంగా వస్తే ఇద్దరూ పోవచ్చు. ఆ క్లాసుల్లో నిలిచినవాళ్ళను తొమ్మిది నుంచి పన్నెండు దాకా, అంటే ప్లస్ టూ అయ్యేదాకా, కృష్ణగిరి హాస్టల్లో పెట్టి చదివిస్తారు.

మా వీధిలో ప్లస్ టూ అయిన అక్కలందరూ తెల్లారి ఐదున్నరకు హోసూరు కంపెనీ వ్యాను ఎక్కుతారు. అమ్మ పోయేదీ అదే వ్యాను. నేను ఎక్కను. ఇంట్లో ఈ మాట అనలేదు, ఇక్కడ మాత్రం రాస్తున్నా.

మంజుల — "నువ్వో నేనో. ఇంకెవురుండారు మే ఈ బళ్ళో." నిజమే. ఆరో తరగతి నుంచి మొదటి రెండు ర్యాంకులు మా ఇద్దరివే, అటూ ఇటూ మారుతూ.

జూలై 6, ఆదివారం

మంజుల వచ్చింది. మా వాకిట్లో కూర్చొని చదివినాము.

నాయన బర్గూరు నుంచి వచ్చినాడు, వారం వారం వచ్చినట్టే. రాతి కార్ఖానాలో పలకలు కోసినాక మిగిలే ముక్కలు — అరచెయ్యంత, నాలుగు పక్కలూ సమంగా ఉన్నవి — ఏరి సంచిలో తెస్తాడు. నాకు జ్ఞాపకం ఉన్నప్పటి నుంచి వాటితో వాకిలి పరుస్తున్నాడు. ఎప్పుడూ చదరంగానే. రాళ్ళు చేరినప్పుడు రెండు పక్కల రెండు వరసలు, మూలకు ఒకటి. ఇప్పుడు వరసకు పదమూడు ఉన్నాయి. పెంచాలంటే 27 కావాల. పోయినసారి 25 పట్టినాయి, అంతకుముందు 23.

1, 3, 5, 7 అని బేసి సంఖ్యలు కూడుకుంటూ పోతే వర్గాలు వస్తాయని సార్ చెప్పినప్పుడు క్లాసంతా రాసుకుంది. నేను రాసుకోలేదు. నేను ఆ వాకిట్లోనే నడక నేర్చినాను.

మంజుల రాళ్ళ మీద ఒంటికాలితో గెంతుతూ విన్నది. "మీ నాయన లెక్కల సారు కావాల్సింది మే."

నాయన మట్టపుచెక్క పెట్టి చూస్తూనే — "అప్పుడు ఈ రాళ్ళు ఎవురు కోస్తారమ్మా, మీ సారా?"

జూలై 8, మంగళవారం

2, 3, 7, 8. వర్గం చివర ఇవి రావు. పళ్ళు తోముకుంటూ ఇదే, నీళ్ళు మోస్తూ ఇదే.

జూలై 11, శుక్రవారం

మంజుల అడుగుతుంది, నేను చెప్తాను. తర్వాత మారతాము. 5776? — 70కి, 80కి మధ్య. చివర 6, కాబట్టి 74 గాని 76 గాని. 75కి వర్గం 5625. దానికంటే ఎక్కువ. 76! మంజుల కంటే అర నిమిషం ముందు చెప్పినాను. ఆమె పెన్సిల్ పడేసి, "నీ తలకాయలో రాళ్ళే ఉండాయి, అన్నీ వరసగా" అంది. ఇద్దరమూ నవ్వినాము.

పరిపూర్ణం — ఈ మాట పలికితే నోరు నిండుతుంది. పూర్ణం ఒక్కటే చాలదన్నట్టు ముందర ఇంకొకటి చేర్చినారు.

జూలై 14, సోమవారం

పరీక్ష అయింది.

సార్ ప్రశ్నలు బోర్డు మీద రాసినాడు, మేము చూసి ఎక్కించుకుని జవాబులు రాసినాము. పద్నాలుగోది — 4487కి వర్గమూలం కనుక్కోండి.

చెయ్యి ఆగిపోయింది. చివర 7. మళ్ళీ బోర్డు చూసినాను. 7 ఏ. అంకెలు కూడినాను: 23, మళ్ళీ కూడితే 5. వర్గానికి 1, 4, 7, 9 తప్ప వేరేది రాదు. రెండు పక్కలా తలుపు మూసుకుపోయింది. అయినా కడదాకా చేసినాను, 1026 గుర్తుంది కదా. 66కి వర్గం 4356. 67కి 4489. వీటి మధ్య ఇంకో వర్గం లేదు.

'4487 పరిపూర్ణ వర్గం కాదు' అని రాసి, కింద కారణాలు రాసి, గీత కొట్టినాను.

జూలై 15, మంగళవారం

సార్ ఆ ప్రశ్న కావాలనే పెట్టినాడు. 1026 దగ్గర పడిపోయిన పిల్ల ఇప్పుడు పడుతుందా లేదా చూద్దామని. నాకోసమే పెట్టినాడేమో కూడా. అట్ల అనుకుంటే పొద్దంతా వొళ్ళు తేలికగా ఉంది.

జూలై 17, గురువారం

మంజుల 25. నేను 24.

పద్నాలుగోదానికి ఎర్ర ఇంకుతో అడ్డగీత. నా కారణాల మీదుగానే పోయింది ఆ గీత. పక్కన 67 అని రాసి ఉంది.

పేపర్లు పంచినాక సార్ అన్నాడు — "పద్నాలుగో ప్రశ్న 4489. కొంతమంది 7 అని ఎక్కించుకున్నారు. దిద్దుకోండి." మామూలుగా, కిటికీ మూయమన్నట్టు.

క్లాసంతా తలలు వంచింది. అందరి దగ్గరా 7 ఏ ఉంది, నేను చూసినాను. నా ముందర ఇద్దరివి, పక్కన మంజులది. 4487, జవాబు 67. ఒక్కరు కూడా లెక్క చెయ్యలేదు. గైడులో 4489 ఉంది, జవాబు 67 ఉంది, బట్టీ పట్టిన చెయ్యి అదే రాసేసింది. సార్ దిద్దింది జవాబు మాత్రమే, ప్రశ్న చూడలేదు.

7ని 9 చెయ్యడం ఎంత సులభమో. పైన చిన్న సున్న చుడితే చాలు. నలభై పెన్నులు చుట్టినాయి. నేను పెన్ను మూత తియ్యలేదు.

జూలై 18, శుక్రవారం

స్టాఫ్ రూముకి పోయినాను.

"సార్, బోర్డు మీద ఏడే ఉండింది."

సార్ తల ఎత్తలేదు. "మూడో వరసలో కూర్చుంటావు కదా. కండ్లు చూపించుకో ఒకతూరి."

పక్కన టీ తాగుతున్న టీచరు నవ్వింది. నేనూ నవ్వినాను. ఎందుకు నవ్వినానో తెలియదు. ఇంటికి వచ్చేదాకా ఆ నవ్వు మొఖం మీదే ఉంది, కడుక్కున్నా పోలేదు.

జూలై 19, శనివారం

ఆరున్నర బస్సుకు మంజుల కృష్ణగిరికి పోయింది. నేను పాల కోసం పోతూ చూసినాను. చెయ్యి ఊపింది. ఊపినాను.

జూలై 20, ఆదివారం

మంజుల వచ్చింది. చెప్తూనే ఉంది — ఆడ నాలుగు ఫ్యాన్లు, అడిగితే పుస్తకం ఇంటికి ఇస్తారు, మధ్యాహ్నం పులిహోర. ధర్మపురి పక్కనుంచి కూడా ఒకమ్మాయి వచ్చిందంట, ఉత్త తమిళమే, అయినా ఇద్దరికీ కుదిరిందంట.

"ఆడి సారు మొదటే అడిగినాడు మే. ఏడుతో ముగిసే వర్గం ఏదన్నా ఉండాదా అని. నేను లేచి ఉండదు సార్ అన్నా. చప్పట్లు కొట్టినారు."

నేను ఆమె మొఖమే చూస్తూ ఉన్నాను. ఆమెకు అప్పుడు తెలిసింది ఏం చెప్పిందో.

కొంచెంసేపు వాకిట్లో రాయి గీకింది గోటితో. తర్వాత — "నేనూ చూసినా మే. బోర్డు మీద ఏడే. కాదు కదా అనుకున్నా. మళ్ళీ అనుకున్నా, సారుకు కావల్సింది 67 అని. సారు అడిగింది కాదు, సారుకు కావల్సింది చూడాల."

అంటే బట్టీ కాదు. ఆమెకు తెలుసు. తెలిసే రాసింది.

"క్లాసులో దిద్దుకోమన్నప్పుడు చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెప్తే నా మార్కు పోతాది, నీకు వస్తాది. నా చోట నువ్వుంటే చెప్పేదానివా?"

చెప్పేదాన్ని అనాలనుకున్నాను. నోరు తెరిచినాను కూడా. రాలేదు. ఆమె పోయి రెండు గంటలైంది. ఇప్పుడు కూడా ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

సాయంత్రం

నాయనకు అంతా చెప్పినా. అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"పోయినేడు బేతలపల్లిలో రాళ్ళు పరిచే పనిలో ఇంజనీరు కొలత తప్పుగా ఇచ్చినాడు. నేను పరిచేసినాక, నువ్వే తప్పు పరిచినావు అన్నాడు. ఔను సార్ అన్నా. రెండు దినాలు తీసి మళ్ళీ పరిచినా. పని మాత్రం పోలా."

అమ్మ — "అందుకే ఇంకా ఆడే ఉండావు. ఇంజనీరు కూడా ఆడే ఉండాడు."

నాయన నవ్వి, మజ్జిగ పొయ్యమన్నాడు. అమ్మ మజ్జిగ గిన్నె దూరంగా పెట్టింది. తర్వాత పోసింది.

ఎవరి పక్క ఉండాలో తెలియక నేను అన్నం తిన్నాను.

జూలై 22, మంగళవారం

కండ్ల మాట ఊరంతా పాకింది. ఎవరో అమ్మకు వ్యానులో చెప్పినారంట. వచ్చీ రాగానే నన్ను గోడకు నిలబెట్టి, దూరంగా పోయి వేళ్ళు చూపించింది.

"ఇవి ఎన్ని?"

"మూడు."

"ఇప్పుడు?"

"అమ్మా."

"చెప్పు. ఇప్పుడు?"

వీధి చివర వ్యాను ఇంకా మలుపు తిరుగుతోంది. "దాని నంబరు 2209. 47కి వర్గం" అన్నాను.

అమ్మ వ్యానునూ నన్నూ చూసింది. "సరే, కండ్లు బాగుండాయి. మరి నోరు యాడ పెట్టినావు ఆ దినం?"

చేదుకు ఇంకో మాట ఉందేమో అని నిఘంటువు చూసినాను. తిక్తం అని ఉంది. బాగలేదు. చేదు అంటేనే నాలుక ముడుచుకుంటుంది.

జూలై 23, బుధవారం

నాలుగు రోజులుగా క్లాసులో చెయ్యి ఎత్తడం లేదు. సార్ అడుగుతాడు, అటు ఇటు చూస్తాడు, నా దాకా వచ్చి చూపు తిప్పుకుంటాడు.

ఈ రోజు బడి వదిలినాక నిలబెట్టినాడు. వరండాలో ఎవరూ లేరు.

"నీ పేపరు ఉందా?"

"ఉంది సార్."

"పద్నాలుగో ప్రశ్నలో అంకె దిద్దుకోలా నువ్వు."

"లేదు సార్."

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచినాడు. తర్వాత మెల్లగా చెప్పినాడు. 7ని 9 చేసి, కింద జవాబు కొట్టేసి 67 అని రాస్తే, ఆయన మళ్ళీ కూడుతాడు. 25. ఇద్దరికీ సమానం. ఇద్దరి పేపర్లూ జత చేసి కృష్ణగిరికి పంపుతాడు.

"4489కి వర్గమూలం 67 అని రాస్తే అబద్ధం కాదు కదా భాగ్యా. లెక్క సరైనదే కదా."

సరైనదే. అదే కదా ఇందులో ఉన్న విషం. ఆ కాగితం మీద ఒక్క తప్పు కూడా ఉండదు.

"సార్, మరి బోర్డు మీద..."

"హెడ్‌మిస్ట్రెస్ దగ్గర పోయిన నెల్లోనే ఒక మాట పడినాను. బోర్డు మీద తప్పు రాసినానని పోయి చెప్పమంటావా? అందరికీ మళ్ళీ పరీక్ష అంటారు. మంజుల సీటు కూడా పోతాది." ఆగినాడు. "నువ్వు రాసింది తప్పని నేననలేదు."

అన్నాడు. ఎర్ర ఇంకుతో అన్నాడు. కానీ ఆ గొంతు విన్నాక నాకు ఆ మాట బయటికి రాలేదు. 1026 రోజు నవ్విన మనిషే. ఔనని చెప్పడానికి కాదు అని నాకు నేర్పిన మనిషే.

"శనివారం బస్సు దగ్గర నేనుంటాను. అప్పుడియ్యి."

జూలై 24, గురువారం

అమ్మకు పేపరు చూపించినా. పొయ్యి ముందర కూర్చొని, వెలుగుకు పట్టుకుని చూసింది. అమ్మ ఐదు దాకా చదివింది. అంకెలు చదువుతుంది.

"ఇంత సున్న చుడితే సరిపోతాదా?"

"కింద కొట్టేసి 67 అని కూడా రాయాల."

"సుమ్మనే, ఊరికే అట్ల రాసేయొచ్చు." పేపరు తిప్పి చూసింది. "కంపెనీ లైన్లో నా పని కూడా ఇదే. అద్దం బాగుంటే కాగితంలో దాని నంబరుకు సున్న చుట్టేది. గీత పడినదాన్ని పక్కన పెట్టేది. లెక్క తక్కువైన దినం సూపర్వైజరు వెనక వచ్చి నిలబడతాది. ఏమీ అనదు. నిలబడతాది, అంతే. అప్పుడు గీత పడినదానికీ చుడతాను."

"ఎన్నిటికి?"

"అడగొద్దు."

పేపరు మడవకుండా నాకు ఇచ్చింది. చుట్టమంటుందా వద్దంటుందా అని నిలబడి ఉన్నాను. రసం తాలింపు వేసింది. "పొగ వస్తాంది, అవతలికి పో" అంది.

తప్పు ఎవరిదో తెలిస్తే కోపం ఒకచోట పెట్టుకోవచ్చు. సార్ మీద పెట్టి చూసినాను, నిలవలేదు. మంజుల మీద పెట్టినాను, ఆమె అడిగిన ప్రశ్న అడ్డం వస్తుంది. బోర్డు మీద అనుకుందామా అంటే, దాన్ని పరీక్ష రోజే తుడిచేసినారు. ఎంత తిప్పినా కోపం తిరిగి నా దగ్గరికే వస్తుంది. పోనీ, లెక్క రానిదాన్నైనా కాదు.

క్లాసులో 7 ఉన్న పేపరు ఇప్పుడు నాదొక్కటే. నేను కూడా దిద్దేస్తే ఆ 7 ఎప్పుడూ లేనట్టే. అప్పుడు నా కండ్లే సరిగా లేనట్టు.

దిద్దకపోతే — ప్లస్ టూ. వ్యాను. వెనక నిలబడే సూపర్వైజరు.

జూలై 25, శుక్రవారం

4487కి వర్గమూలం పూర్తిగా తీద్దామని కూర్చున్నాను, భాగహార పద్ధతిలో. 66. చుక్క. 9, 8, 5, 0, 7... ఇంకా పోతూనే ఉంది. ఎక్కడా తెగడం లేదు. ప్రతి మెట్టు కిందా ఏదో ఒకటి మిగులుతుంది. పేజీ అయిపోయింది, ఆపేసినాను. 67కి ఎంత దగ్గర. ఇంత దగ్గరగా ఉంటే ఎవరైనా 67 అనే అంటారు. బజారులో అయితే నేనూ అంటాను.

సార్ ఈ రోజు క్లాసులో నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరమూ ఏదో దాచిపెట్టుకున్నవాళ్ళలాగ ఉన్నాము. అది నాకు నచ్చలేదు. ఆయనతో కలిసి దాచడానికి నేను ఇంకా ఒప్పుకోలేదు కదా.

బడి నుంచి వస్తుంటే మంజుల వెనకనే పరుగెత్తుకుని వచ్చింది. ఆదివారం తర్వాత మేము మాట్లాడుకోలేదు. సార్ ఆమెకు చెప్పినాడంట, భాగ్య కూడా రావచ్చు అని. పక్కపక్కనే నడిచినాము. ఉద్దనపల్లి స్టాపు వచ్చింది. రాయకోట బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది, ఇద్దరమూ మొఖాలు పక్కకు తిప్పుకున్నాము, ఎప్పటిలాగే ఒకే పక్కకు.

"రేపు బస్సు నిండిపోతాది మే" అంది. "నేను ముందే ఎక్కుతాను. నీకూ ఒక సీటు పట్టేదా?"

"పట్టు" అన్నాను.

ఆలోచించి అనలేదు. అడిగింది, వచ్చేసింది. మంజుల మొఖం విప్పారింది, నా చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి వాళ్ళ సందులోకి పోయింది. నేను అక్కడే నిలబడినాను. ఆ మాట అన్నది ఎవరు అని నన్ను నేనే అడిగినాను.

పేపరు సంచిలోనే ఉంది. అందులో ఇంకా 7 ఏ ఉంది. బస్సు ఆరున్నరకు.